సందేహరహిత వెంగమాంబ

వెంగమాంబకు చెయ్యెత్తడం రాక కాదు. దండెం మీద బట్టలు తీసేటప్పుడు ఎత్తుతుంది, బస్సు ఆపడానికి ఎత్తుతుంది. క్లాసులో మాత్రం ఆ చెయ్యి చెవి దాకా వచ్చి, అక్కడేదో పని గుర్తొచ్చినట్టు ఆగిపోతుంది. జడ సర్దుకుని, మళ్ళీ ఒళ్ళోకి దిగిపోతుంది. ముద్దనపాలెం ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ చదివే ఆడపిల్లలందరిలోకీ జడ కుదురుగా ఉండేది వెంగమాంబకేనని పేరు రావడానికి కారణం ఇదే. అది శ్రద్ధ అని అందరూ అనుకున్నారు. పిరికితనం అని ఆమెకు తెలుసు.

ఆ చెయ్యి ఎత్తవలసిన అవసరం ఒకటి ఉంది. బీజగణితంలో ఏకాంబరం సార్ అసమీకరణాలు మొదలుపెట్టిన రోజునే అది వచ్చి కూర్చుంది. రెండు మూడుకంటే చిన్నది. ఇంతవరకూ వెంగమాంబకు పేచీ లేదు. ఇప్పుడు రెండువైపులా మైనస్ ఒకటితో గుణించాలి. గుణించగానే మధ్యనున్న గుర్తును తిరగెయ్యాలి. అంటే మైనస్ రెండు, మైనస్ మూడుకంటే పెద్దదైపోతుంది. ఎందుకు? అప్పటిదాకా చిన్నదిగా పడున్నది ఏం ఘనకార్యం చేసిందని పెద్దదైంది?

ఏకాంబరం సార్ గుర్తు చుట్టూ ఎర్ర సుద్దతో సున్నా చుట్టి, "ఇక్కడ తిరగెయ్యాలి. రూలు. అర్థమైందా?" అన్నారు.

"అర్థమైంది సార్!"

ఈ మాట ఒకటో తరగతి నుంచి అందరికీ వచ్చిన పాట. "అర్థ" దగ్గర అందరూ కలిసి ఎక్కుతారు, "మైంది" దగ్గర సాగదీస్తారు, "సార్" దగ్గర ఎవరి దోవన వాళ్ళు దిగుతారు. దీనికీ పాఠానికీ ఏ సంబంధమూ లేదు. ఇది పాడితే సార్ తర్వాతి లెక్కకు వెళతారు, పాడకపోతే అదే లెక్క మళ్ళీ చెబుతారు, కాబట్టి పాడతారు. వెంగమాంబ గొంతు కళాశాలలో వినబడేది ఈ ఒక్క పాటలోనే. బాగానే పాడుతుంది కూడా.

ఈ ఒక్క ముక్క తెలియకపోతే కొంపలేమీ మునగవని ఆమె తనకు తాను ఎన్నోసార్లు సర్ది చెప్పుకుంది. కానీ ఆమె లెక్కల టీచరు కావాలనుకుంటోంది. వాళ్ళ ఊరి బడిలో లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉండేది. చిన్న తరగతుల పిల్లలకు వెంగమాంబే ఎక్కాలు చెప్పేది. చిన్నపిల్లల ముందు ఆమెకు గొంతు లేస్తుంది. రేపు తను టీచరయ్యాక, ముక్కు కారుతున్న పిల్ల ఎవరో లేచి "ఎందుకు తిరగెయ్యాలి టీచర్?" అని అడిగితే? రూలు అని చెప్పడానికైతే రోజూ ఇంత దూరం బస్సులో నిలబడి రావడం దేనికి?

"అడగవే," అంది పక్కనే కూర్చునే షమీమ్.

"నువ్వడుగు."

"నా డౌటు కాదు గదా."

"అయితే నీకు తెలుసా?"

"తెలీదు. తెలీకపోయినా నాకేం ఇబ్బంది లేదు. అన్నం తింటున్నా, నిద్రపోతన్నా. నీకే ఒంట్లో బాగలేదు."

"రేపు అడుగుతాలే."

"నీ రేపొచ్చేలోపు మా అన్నకి పెళ్ళయి పిల్లలు గూడా పుడతారు."

ప్రతిరోజూ ఇంటికి వెళ్ళే బస్సులో వెంగమాంబ ఆ ప్రశ్నను మనసులో వల్లెవేసేది. "రెండువైపులా మైనస్‌తో గుణిస్తే గుర్తు ఎందుకు తిరగెయ్యాలి సార్?" బస్సులో చక్కగా వచ్చేది. మర్నాడు క్లాసులో జడ సర్దుకునేది.

ఇట్లా ఆమె రేపును రేపటికి జరుపుకుంటూ ఉండగా, పైనుంచి సర్క్యులర్ వచ్చింది.

ప్రిన్సిపాల్ విశ్వమోహన్ గారు దాన్ని ప్రార్థన దగ్గర అందరినీ నిలబెట్టి చదివారు. ఆయన మామూలుగా మాట్లాడితే మామూలు మనిషే. కాగితం చేతిలోకి వస్తే గొంతు మారిపోతుంది.

"రాష్ట్రమును సందేహరహిత రాష్ట్రముగా తీర్చిదిద్దు బృహత్ సంకల్పములో భాగముగా, ప్రతి కళాశాలయందు నెలకొనియున్న సందేహములను గుర్తించి, లెక్కించి, సమూలముగా తొలగించవలసినదిగా సందేహ నిర్మూలనా మండలి ఆదేశించడమైనది. సందేహమనగా విద్యార్థి నోటినుండి వెలువడిన ప్రశ్న. నోటినుండి వెలువడనిది సందేహముగా పరిగణింపబడదు." కాగితం మడిచి మామూలు మనిషయ్యారు. "అంటే ఏందంటే పిల్లలూ, మలేరియాకి దోమ ఎట్టో చదువుకి సందేహం అట్ట. మన కాలేజీలో ఒక్కటి గూడా ఎగరగూడదు."

షమీమ్ చెయ్యెత్తింది. ఆమె చేతికి మధ్యలో ఏ పనీ గుర్తురాదు. "సార్, అడక్కపోతే సందేహం ఎట్టా పోద్ది సార్?"

"ఏకాంబరం గారూ," అన్నారు ప్రిన్సిపాల్ గారు బాధగా. "లెక్కేసుకోండి. ఒకటి."

ఆ వారమంతా లెక్కింపు జరిగింది. షమీమ్‌ను సందేహపీడితురాలిగా గుర్తించి, గాలి తగిలే చోటు మంచిదని వరండాలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అడిగే అలవాటున్న మరికొందరికి నచ్చజెప్పారు. ఇది ఇట్లా ఉండగా స్టాఫ్ రూములో ఒక అద్భుతం బయటపడింది. వెంగమాంబ అనే అమ్మాయి చేరిన రోజు నుంచీ ఏ సబ్జెక్టులోనూ, ఏ సారునూ, ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు.

"అసలు ఆ పిల్ల గొంతే నేనిన్లేదు సార్," అన్నారు ఫిజిక్స్ మేడమ్.

"నేను పేరు పిలిచినా చెయ్యే ఊపుద్ది," అన్నారు కెమిస్ట్రీ సార్.

విశ్వమోహన్ గారి కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళూ మన మధ్యే ఉండి..." అని ఆగిపోయారు. వెంటనే పిలిపించారు.

"అమ్మా, నీకు ఏ సందేహమూ లేదట గదా?"

ఉంది సార్, ఒకటుంది, అనుకుంది వెంగమాంబ. ఇంతమంది సార్లు, ఇంత దగ్గరగా, ఇంత ప్రేమగా ఎప్పుడూ అడగలేదు. చెయ్యి లేచింది. జడ దగ్గర ఆగింది.

"చూశారా ఆ అణకువ!" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అట్లా తెలియనితనంలో తరగతికే మొదటి స్థానంలో ఉండదగిన వెంగమాంబ, తెలిసినతనంలో కళాశాలకే మొదటిదయ్యింది. ఆమె భుజం మీదుగా "సందేహరహిత విద్యార్థిని" అని జరీ అక్షరాలు కుట్టిన పట్టీ వేశారు. బస్సులో కండక్టర్ ఆ పట్టీ చదివి, "అయితే టిక్కెట్టు ఎక్కడికో నన్నడగనీ," అన్నాడు. ఊళ్ళో అమ్మ పట్టీని ఉతికి ఇస్త్రీ చేసి, "ఎవరన్నా ఏదన్నా అడిగితే చెప్పు, దాచుకోమాక," అంది. చెప్పడానికి తన దగ్గరేమీ లేదని అమ్మకు చెప్పడానికి కూడా వెంగమాంబకు నోరు రాలేదు.

అంతకంటే పెద్ద కష్టం మర్నాడు వచ్చింది. బీజగణితం క్లాసులోకి వెళ్ళబోతుంటే ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోనే ఆపారు.

"నువ్వెందుకమ్మా లోపలికి? జబ్బు లేని మనిషికి మందు పోస్తామా? నా రూములో కూర్చో. ఎవరన్నా చూడ్డానికొస్తే అందుబాటులో ఉంటావు."

బీరువాకూ జెండా కర్రకూ మధ్య ఆమెకు కుర్చీ వేశారు. జనం నిజంగానే చూడ్డానికి వచ్చారు. పక్క మండలం కళాశాల ప్రిన్సిపాల్ ఒకాయన వచ్చి, కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, "నిజంగా ఏ సందేహమూ లేదంటారా?" అన్నారు. విశ్వమోహన్ గారు ఆయన మోచెయ్యి పట్టుకుని, "అట్టా అడక్కండి. మీ కాలేజీ ఖాతాలో పడుద్ది," అన్నారు.

ఆ గదికీ ఎంపీసీ క్లాసుకూ మధ్య ఒకటే గోడ. వెంగమాంబ ఆ గోడకు చెవి ఆనించి చదువుకోసాగింది. గోడవతల షమీమ్ వరండాలోంచి, గోడివతల తను గదిలోంచి. ఎక్కువ అడిగిన పిల్లా, అసలు అడగని పిల్లా, ఇద్దరూ ఒకేలా క్లాసు బయటే ఉన్నారు. లోపల మిగిలిన వాళ్ళు పాట పాడుతున్నారు.

అప్పుడే మండలి దృష్టి బీజగణితం మీద పడింది. రెండో సర్క్యులర్ వచ్చింది.

"బీజగణితమందు ఎక్స్ అను అక్షరము, విలువ తెలియని రాశిగా చిరకాలము నుండి కొనసాగుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. తరములు మారినను ఎక్స్ విలువను ఎవరును తేల్చకపోవుట మిక్కిలి శోచనీయము. విద్యార్థులలో సందేహములకు ఇదియే మూలకారణమని తేలినది. కావున నేటి నుండి ఎక్స్ విలువ నాలుగుగా నిర్ణయించడమైనది. వై విలువను స్థానిక అవసరములను బట్టి జిల్లా స్థాయిలో నిర్ణయించుకొనవచ్చును. జెడ్ పరిశీలనలో ఉన్నది."

ఆ మధ్యాహ్నం గోడవతల నుంచి వెంగమాంబకు పాఠం ఇట్లా వినబడింది.

"ఎక్స్ ప్లస్ మూడు ఈక్వల్టు పది. ఎక్స్ ఎంత?"

"నాలుగు సార్!"

"నాలుగూ మూడూ?"

"ఏడు సార్!"

"కాబట్టి ఏడు ఈక్వల్టు..." సుద్దముక్క చప్పుడు ఆగిపోయింది. "...పది. అర్థమైందా?"

"అర్థమైంది సార్!"

కాసేపటికి ఏకాంబరం సార్ ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చారు. చేతుల నిండా సుద్దపొడి. "సార్, లెక్క కుదరట్లేదు సార్."

"ఏం కుదరట్లేదు?"

"ఎక్స్ ఏడు రావాలి సార్."

"ఎక్స్ మన చేతుల్లో లేదు ఏకాంబరం గారూ. పైనుంచి ఆర్డరు. మీరు పదిని ఏడు చేసుకోండి. పదికి ఆర్డరేమీ లేదు గదా."

"అన్ని లెక్కలూ మార్చాలి సార్ అట్టయితే."

"మార్చండి. మనిషి మారతన్నాడు, లెక్కకేం బాధ?" అని ప్రిన్సిపాల్ గారు జిల్లా వారి వై కనుక్కోవడానికి ఫోను పట్టుకుని బయటికి వెళ్ళారు.

గదిలో ఏకాంబరం సారూ, వెంగమాంబా మిగిలారు. ఇంత మంచి అవకాశం దేవుడు దిగివచ్చి ఇచ్చినా దొరకదు. అడుగు, అనుకుంది. ఇప్పుడే అడుగు. సార్ బల్ల మీద చేతులు ఆనించి, ఆమె పట్టీ వైపు చూసి నిట్టూర్చారు.

"నువ్వే నయమమ్మా. నీకు ఏ సందేహమూ లేదు," అన్నారు.

ఆ మాటలో వెటకారం లేదు. అసూయ ఉంది. వెంగమాంబ జడ సర్దుకుంది.

శుక్రవారం నాడు ప్రిన్సిపాల్ గారు శుభవార్త చెప్పారు. సోమవారం మండలి నుంచి ప్రధాన నిర్మూలనాధికారి జగదీశ్వరరావు గారు స్వయంగా వస్తున్నారు. వేదిక మీద వెంగమాంబ ప్రసంగించాలి. అది విని ఆయన కళాశాలకు సందేహరహిత గుర్తింపు ఇస్తారు, ఆమె మెడలో పతకం వేస్తారు.

"ఒక్క షరతుందమ్మా. నీకేం ఇబ్బంది కాదులే. పతకం వేసుకున్నవాళ్ళు చదువు పూర్తయ్యేదాకా ఏ సందేహమూ అడగకూడదు. అడిగితే కాలేజీ గుర్తింపు పోద్ది."

వరండాలో షమీమ్ ఈ సంగతి విని నుదురు కొట్టుకుంది. "సోమారం తర్వాత నీ నోటికి గవర్నమెంటే తాళమేస్తది. ఈలోపు అడిగితే అడిగినట్టు. లేకపోతే రేపు నువ్వు టీచరువై పిల్లలకి రూలు రూలని చెప్పుకుంటా పడుండాల్సిందే."

"శనివారం అడుగుతా."

"శనివారం సెలవే తల్లీ."

సోమవారం షామియానా వేశారు. జగదీశ్వరరావు గారు వచ్చారు. మనిషి సౌమ్యంగా, చల్లగా ఉన్నారు. జీవితంలో ఏనాడూ ఏదీ అడగవలసిన అవసరం రాని మొహం. "ఒకప్పుడు ఈ దేశమందు ప్రశ్నలు విచ్చలవిడిగా సంచరించెడివి," అని మొదలుపెట్టి, సమాధానాలతో నిండిన భవిష్యత్తు దాకా మాట్లాడారు. తరువాత వెంగమాంబను పిలిచారు.

తెలుగు మేడమ్ రాసిచ్చిన ప్రసంగం ఆమెకు నోటికి వచ్చు. "నా మనోగగనమున సందేహమేఘమనునది లేదు" అని మొదలవుతుంది. వెంగమాంబ మైకు ముందు నిలబడింది. ఎదురుగా కళాశాల మొత్తం.

"నా..." అంది. మైకు కుయ్యిమంది. మళ్ళీ "నా..." అంది. గగనమూ లేదు, మేఘమూ లేదు. తల ఖాళీ అయిపోయింది. మేడమ్ రాసిచ్చిందంతా పోయాక లోపల ఒకే ఒక్క వాక్యం మిగిలింది, బస్సులో రోజూ వల్లెవేసినది. ఏదో ఒకటి చెప్పకపోతే అక్కడే పడిపోయేలా ఉండి, ఆ ఉన్నది చెప్పేసింది.

"రెండువైపులా మైనస్‌తో గుణిస్తే గుర్తు ఎందుకు తిరగెయ్యాలి సార్?"

తర్వాత చాలామంది దీన్ని ధైర్యమన్నారు. మతిమరుపు అని వెంగమాంబ ఎవరికీ చెప్పలేదు.

షామియానా గుడ్డ ఒకసారి కొట్టుకుంది. ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి, "సార్, అది ప్రశ్న కాదు సార్, ఉపమానం," అన్నారు.

జగదీశ్వరరావు గారు తొణకలేదు. "ఆందోళన వలదు. సందేహము ఎవరిది అన్నది కాదు, ఎచటిది అన్నది ముఖ్యము. అమ్మా, ఈ మైనస్ నీకు తొలుత ఎచట పరిచయమైనది?"

"మా ఊరి బళ్ళో సార్. ఏడో తరగతిలో."

"వింటిరా! ఇది దిగుమతి సందేహము. కళాశాల పరిధిలోనిది కాదు. దీనిని పుట్టినచోటికి తిప్పి పంపవలెను." ప్రిన్సిపాల్ గారు ఊపిరి వదిలారు. "అయితే సందేహమును విడిగా పంపుటకు ఏర్పాటు లేనందున, విద్యార్థినితో సహా పంపవలెను."

"అంటే... ఏడో తరగతికా సార్?"

"సందేహము తీరునంతవరకు."

వెంగమాంబకు ఏడో తరగతి బెంచీ కళ్ళముందు కనబడింది. మోకాళ్ళు పట్టవు. పైగా అక్కడ లెక్కల మాస్టారి పోస్టు ఇప్పటికీ ఖాళీయే. ఆ బెంచీ మీద ముసలిదైపోవచ్చు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

వరండా పక్క నుంచి షమీమ్ లేచింది. "సార్, నన్ను గూడా ఏడో తరగతికి పంపండి సార్. అదేందో నాకూ తెలీదు."

"నాకూ తెలీదు సార్," అన్నాడు వెనక బెంచీ బ్రహ్మయ్య. "నేనైతే ఆరుకే పోతా సార్, మైనస్ రాకముందే."

నవ్వులు లేచాయి. నవ్వుతో పాటు చేతులు లేచాయి. ఒకటీ, రెండూ, ఇక వరసపెట్టి. అన్నిటికంటే చివర, స్టాఫ్ కుర్చీల్లోంచి సుద్దపొడి అంటిన చెయ్యి ఒకటి మెల్లగా పైకి లేచింది.

"నాది గూడా ఏడో తరగతి నుంచీ ఉంది సార్," అన్నారు ఏకాంబరం సార్. "మా మాస్టారు రూలన్నారు. నేనూ రూలంటున్నా."

జగదీశ్వరరావు గారు లేచిన చేతులన్నిటినీ ఒకసారి చూశారు. "అందరినీ పంపవలసియున్నది."

"సార్, అప్పుడు కాలేజీలో బిల్డింగొక్కటే మిగులుద్ది సార్," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"భవనమునకు సందేహములు లేవు గదా?"

"లేవు సార్."

"సంతోషము. పీడితులను వరుసలో నిలబెట్టుడు. కొత్త సందేహములు ముందు, దీర్ఘకాలిక సందేహములు వెనుక."

వేదిక వైపు మొహాలు పెట్టి అందరూ ఒకే వరుసలో నిలబడ్డారు. అందరికంటే పాత సందేహం ఏకాంబరం సార్‌ది కాబట్టి ఆయన చిట్టచివర. ఆయన ముందు వెంగమాంబ. ఆమె ముందు షమీమ్. ఆ వరుస గేటు దాకా పాకింది. లెక్కపెట్టడం మొదలుపెట్టబోతుండగా, గేటు పక్క వంటపాక నుంచి సాంబారు వాసన వచ్చింది. ప్రధాన నిర్మూలనాధికారి గారి ముక్కు కూడా మనిషి ముక్కే.

"ముందు భోజనములు," అన్నారు.

"అందరూ ఉన్నచోటే వెనక్కి తిరగండి!" అని కేకేశారు ప్రిన్సిపాల్ గారు. "వరస చెదరకుండా వంటపాక వైపు నడవండి!"

వెంగమాంబ వెనక్కి తిరిగింది. ఎదురుగా ఏకాంబరం సార్ వీపు.

ఆమె ఆ వీపు వంక అట్లా చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడే కదా ఈయన తన వెనకాల ఉన్నాడు? ఇప్పుడు ముందున్నాడు. ఆయన తనను దాటి రాలేదు. తను కదల్లేదు. షమీమ్ తన ముందుండేది, ఇప్పుడు వెనకాల నిలబడి జడ లాగుతోంది. ఎవరి చోటు వాళ్ళదే. ఎవరూ ఏ ఘనకార్యమూ చెయ్యలేదు. అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు, అంతే. ముందున్నవాళ్ళంతా వెనకయ్యారు, వెనకున్నవాళ్ళు ముందయ్యారు. మూడు, రెండుకు ముందుండేది. అందరినీ వెనక్కి తిప్పితే రెండే ముందు. మైనస్ అంటే వెనక్కి తిరగమని చెప్పడమేనా? ఇంతేనా?

"అర్థమైంది సార్!"

అరిచిన తరువాత గానీ అది తన గొంతేనని ఆమెకు తెలియలేదు. పాటలాగా లేదు. సాగదీతా లేదు. అందరూ తలలు తిప్పి చూశారు.

"ఏమంటివి?" అన్నారు జగదీశ్వరరావు గారు.

"అర్థమైంది సార్," అంది వెంగమాంబ, ఈసారి సగం గొంతుతో.

ఆయన ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి తల పంకించారు. "చూచితిరా? నేను వచ్చిన పూటనే నిర్మూలన జరిగినది. మిగిలినవారి సంగతి యేమి?"

సాంబారు వాసన గట్టిగా వస్తోంది. వరుస మొత్తం ఒక్కటే గొంతుతో ఎత్తుకుంది.

"అర్థమైంది సార్!"

కళాశాలకు అక్కడికక్కడే గుర్తింపు ఇచ్చేశారు. ఒక్కసారి సందేహం వెలిబుచ్చినందున వెంగమాంబ పతకానికి అనర్హురాలయింది. ఆ పతకాన్ని, ఎటువంటి సందేహాలూ లేని భవనం తరఫున, ప్రిన్సిపాల్ గారి మెడలో వేశారు. జరీ పట్టీ కూడా ఊడదీసుకున్నారు. రేపటి నుంచి క్లాసులోనే కూర్చోమన్నారు. ఇంత మంచి శిక్ష తనకు పడుతుందని వెంగమాంబ ఊహించలేదు.

వరుస కదలాలి. మొదటి మనిషి ఏకాంబరం సార్. ఆయన కదల్లేదు. మెడ తిప్పకుండా, పెదవులు మాత్రం కదిలిస్తూ అన్నారు.

"ఏం అర్థమైందమ్మా? నాక్కూడా చెప్పు. ఆయన ఇనకుండా."

వెంగమాంబ ఆయన వీపుకు దగ్గరగా జరిగింది. చిన్నపిల్లలకు ఎక్కం చెప్పేటప్పటి గొంతు వచ్చింది.

"ఇందాక నేను మీకంటే ముందున్నా గదా సార్?"

"ఆఁ."

"మరి ఇప్పుడో?"

ఏకాంబరం సార్ ముందుకు చూశారు. మెడ తిప్పి వెనక్కి చూశారు. వెంగమాంబను చూశారు, ఆమె వెనక షమీమ్‌ను చూశారు, వేదిక దాకా ఉన్న పిల్లలందరినీ చూశారు. మళ్ళీ ముందుకు తిరిగారు. ఆయన భుజాలు మెల్లగా ఊగడం మొదలైంది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వీపు చూసి చెప్పడం కష్టం. ఆయన నిలబడిపోవడంతో వరుస మొత్తం నిలబడిపోయింది, సాంబారు వాసన పీలుస్తూ.

"ఏకాంబరం గారూ!" వేదిక మీంచి ప్రిన్సిపాల్ గారు అరిచారు. "ఏంటండీ ఆగిపోయారు? మళ్ళీ సందేహమా?"

"లేదు సార్," అన్నారు ఏకాంబరం సార్, కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడే పోయింది."